ల్యాబు బల్ల దగ్గర నిలబడిన మనిషిని మాకు పంపండి

ఆంధ్రప్రదేశ్ గవర్నరు గారికి,
రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఛాన్సలర్ హోదాలో



కర్నూలులో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన అధ్యాపకుడిని నేను. రోజూ మీకు ఎన్నో వినతిపత్రాలు వస్తాయని తెలుసు. ఇది నా కోసం అడుగుతున్నది కాదు. పెన్షన్ వస్తోంది, పిల్లలు స్థిరపడ్డారు. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండింటికీ ఛాన్సలర్ మీరే. అక్కడ వైస్ ఛాన్సలర్ ఎవరో తేలేది మీ సంతకంతోనే. ఆ కుర్చీ గురించే ఈ ఉత్తరం. అయితే ముందు నా బి.ఎస్సీ. పట్టా సంగతి చెప్పాలి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి మా ఊరిని ముంచాయి. పాతబస్తీలో మా ఇల్లు ఉన్న వీధిలో మనుషులు మిద్దెల మీద రెండు రాత్రులు గడిపారు. నీళ్లు తీశాక ఇంట్లో మోకాటి లోతు బురద. మంచం కింది ఇనుప ట్రంకు పెట్టె తెరిస్తే కాగితాలన్నీ ముద్దయిపోయి ఉన్నాయి. మా ఇంటావిడ ఒక్కొక్క కాగితాన్నీ ఊడదీసి, మిద్దె మీద పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టింది. నా పట్టా ఎండేసరికి నా పేరు రాసిన సిరా పాకిపోయింది. తరగతి చెరిగిపోయింది. అడుగున వైస్ ఛాన్సలర్ సంతకం మాత్రం చెక్కు చెదరలేదు. ఎం. శాంతప్ప.

ఇరవై ఏళ్ల వయసులో ఆ కాగితం చేతికొచ్చినప్పుడు ఆ సంతకం వంక నేను చూడనైనా చూడలేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా అది. అప్పట్లో కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల పిల్లలందరి పట్టాలూ అక్కడి నుంచే వచ్చేవి. సంతకం పెట్టిన మనిషి మా కర్నూలు జిల్లా వాడని, రసాయన శాస్త్రంలో భట్నాగర్ పురస్కారం అందుకున్నవాడని నాకు తెలిసింది ఎం.ఎస్సీ. చదివేటప్పుడు. అదీ ఒక పాత జర్నల్ తిరగేస్తుంటే.

శాంతప్ప గారు 1923లో పుట్టారు. ఆనాటికి సీమ నాలుగు జిల్లాల్లో విశ్వవిద్యాలయం అన్న మాటే లేదు. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు, అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామని కోస్తా పెద్దలు సీమ పెద్దలకు మాటిచ్చారు. నీళ్ల గురించి, రాజధాని గురించి ఇచ్చిన మాటల పక్కన చదువు గురించి ఇచ్చిన మాట కూడా ఆ కాగితంలో ఉంది. మా వాళ్లు దాన్ని ఎందుకు పట్టుబట్టి రాయించారో ఆ తరం పిల్లలు నడిచిన దారి చూస్తే అర్థమవుతుంది. పై చదువు కావాలంటే ఊరు విడవాలి, భాష విడవాలి. తిరుపతిలో విశ్వవిద్యాలయం వచ్చింది 1954లో. అప్పటికే శాంతప్ప గారు ఇంగ్లండు వెళ్లి, మాంచెస్టర్‌లో ఎం.జి. ఎవాన్స్ దగ్గర పరిశోధన చేశారు. ఫిజికల్ కెమిస్ట్రీ చదివిన ప్రతి పిల్లవాడూ ఎవాన్స్-పొలాన్యి అన్న జంట పేరు వినే ఉంటాడు. ఆ ఎవాన్స్ గారే. 1951లో జర్నల్ ఆఫ్ పాలిమర్ సైన్స్‌లో ఎవాన్స్, శాంతప్ప, యూరి ముగ్గురి పేర్లతో ఒక పేపరు వచ్చింది. నేను తిరగేసిన పాత జర్నల్ అదే. నీళ్లలో కరిగిన ఇనుము అయాన్ల మీద వెలుతురు పడితే ఒక ఎలక్ట్రాన్ చేతులు మారుతుంది. దాంతో పుట్టిన ఫ్రీ రాడికల్, చిన్న చిన్న అణువులను గొలుసుగా అల్లుకుంటూ పోతుంది. క్లుప్తంగా అందులోని సంగతి అది. ఎండ మా సీమకు శాపమని వింటూ పెరిగిన నాకు, మా జిల్లా మనిషి ఒకాయన వెలుతురునే రీజెంటుగా వాడాడని చదివినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తిరిగి వచ్చాక ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో, గిండీలో, ఫిజికల్ కెమిస్ట్రీ శాఖలో పాఠాలు చెబుతూ పరిశోధన సాగించారు. యురేనిల్ అయాన్లు, సీరియం అయాన్లు పాలిమర్ గొలుసును ఎలా మొదలుపెడతాయి, ఎలా ఆపుతాయి అన్న లెక్కలను విద్యార్థులతో కలిసి ఏళ్ల తరబడి కూడబెట్టారు. 1967లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. 1970ల్లో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నది అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. మా పొలాల గట్ల మీద పసుపుపచ్చగా పూసే తంగేడు, దాని చెక్కతో మా ఊళ్ల లందల్లో తరతరాలుగా తోళ్లు ఊనిన మాదిగ కుటుంబాల చేతి పని, మద్రాసు అడయారులోని ఆ సంస్థలో శాస్త్రంగా కూర్చుంది. ఆ తర్వాత శాంతప్ప గారు తిరుపతికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. అక్కడి నుంచి 1981లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లి 1984 దాకా ఉన్నారు. అదే 1981లో నాయుడమ్మ గారు ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఒకే సంస్థను ఒకరి తర్వాత ఒకరు నడిపిన ఇద్దరు తెలుగు కెమిస్టులు, ఒకే ఏడాది దేశంలోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాల పగ్గాలు పట్టారు.

ఈ వరసను ఒకసారి చూడండి. ముందు ల్యాబు బల్ల, తర్వాత సంస్థ, ఆ పైన విశ్వవిద్యాలయం. కుర్చీ దగ్గరికి వచ్చేనాటికి ఆయన పేరు ఆయన పనితోనే స్థిరపడింది. కుర్చీ వల్ల వచ్చిన పేరు కాదు. మాకు కావలసింది ఇలాంటి వరస.

బల్ల, బల్ల అంటున్నాను. అక్కడ మనిషికి ఏం వంటబడుతుందో చెబుతాను. ఎం.ఫిల్. చేసేటప్పుడు శాంతప్ప గారి తరహా ప్రయోగాన్నే చిన్న ఎత్తున నేనూ చేశాను. పొడుగు గాజు గొట్టంలో నీళ్లు, అక్రిలోనైట్రైల్, కాస్త ఆల్కహాలు, ఆసిడ్ పోస్తాం. దానిలోకి ఇరవై నిమిషాలు నైట్రోజన్ బుడగలు పంపి లోపలున్న ఆక్సిజన్‌ను తరిమేస్తాం. అప్పుడు నారింజ రంగు సీరియం ద్రావణాన్ని పిపెట్‌తో వదులుతాం. అన్నీ సరిగ్గా కుదిరితే కొద్దిసేపటికి ద్రవం మజ్జిగలా తెల్లబడుతుంది. ఆ పైన సున్నపు తేటలో నలకల్లాగా పాలిమర్ కిందికి దిగుతుంది. దాన్ని వడకట్టి, కడిగి, ఆరబెట్టి, నాలుగు దశాంశాల త్రాసులో తూస్తాం. పైన ఫ్యాను తిరుగుతుంటే ముల్లు నిలవదు. అందుకని ఏప్రిల్ నెలలో కర్నూలు ఎండకు ఫ్యాను ఆపి, చెమట కాగితం మీద పడకుండా తువ్వాలు మెడకు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి తూయాలి. ఆక్సిజన్ కాస్త మిగిలిందా, చర్య మొదలు కాదు. గడియారం తిరుగుతూనే ఉంటుంది, గొట్టం తేటగానే ఉంటుంది. అప్పుడు నోట్‌బుక్‌లో ‘ఏమీ రాలేదు’ అనే రాయాలి. వచ్చినట్టు రాస్తే మరుసటి రోజు ప్రయోగం ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది.

ఈ పని పదేళ్లు చేసినవాడికి నైట్రోజన్ సిలిండర్ ఖాళీ అయితే ఏమవుతుందో తెలుసు. ఫైలు ఆ టేబుల్ మీద నుంచి ఈ టేబుల్ మీదికి రావడానికి ఆరు వారాలు పడితే, ఒక పిల్లవాడి ఆరు వారాలు గాలికి పోయినట్టేనని తెలుసు. కొన్ని రసాయనాలు సీసాలో ఉన్నా పాడైపోతాయని, మార్చిలో బడ్జెట్ మిగిలిందని ఒక్కసారిగా కొనిపెడితే ఆగస్టుకు పనికిరావని తెలుసు. ఇవి పాలనా శాస్త్రం పుస్తకాల్లో దొరకవు. చేతి వేళ్లకు ఆసిడ్ మచ్చలు పడితే వస్తాయి.

వరద సంగతి మళ్లీ ఎత్తుతున్నాను, మన్నించండి. ఆ ఏడాది మేం పనిచేసే కాలేజీ ల్యాబులోకీ నీళ్లొచ్చాయి. దిగిపోయాక చూస్తే రెండు వందలకు పైగా సీసాలు. మూతలు గట్టిగా ఉన్నవి కాబట్టి లోపలి సరుకు చాలావరకు బాగానే ఉంది. లేబుళ్లు మాత్రం ఊడి బురదలో కలిసిపోయాయి. తెల్ల పొడులే అరవై దాకా ఉన్నాయి. పటిక కావచ్చు, నవాసారం కావచ్చు, చాకలి సోడా కావచ్చు. సీసం లవణమో, బేరియం లవణమో కూడా కావచ్చు. అవి విషం. పారబోద్దామా అంటే కొత్తవి కొనడానికి డబ్బు లేదు. ఫైనలియర్ పిల్లలు పద్దెనిమిది మందిని కూర్చోబెట్టాను. “సాల్ట్ అనాలిసిస్ పరీక్షకని నేర్చుకున్నారు కదా, ఇప్పుడు నిజంగా కావలసొచ్చింది” అన్నాను. పదిహేను రోజులు పట్టింది. మైలుతుత్తం, అన్నభేది రంగు చూసి చెప్పేశారు. తక్కిన వాటికి చిటికెడు తీసి ఆసిడ్ వేయడం, ప్లాటినం తీగ మీద మంటలో పెట్టడం. ఎర్రగా మండింది స్ట్రాన్షియం, లేత ఆకుపచ్చ బేరియం. ఒక అమ్మాయి బేరియం క్లోరైడ్ అనుకున్న దాంట్లో సల్ఫ్యూరిక్ ఆసిడ్ చుక్క వేసింది. తెల్లటి మడ్డి జర్రున దిగింది. “సార్, ఇది మంగంపేట రాయి!” అని అరిచింది. వాళ్లది రైల్వే కోడూరు. మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయి బేరియం సల్ఫేటే. ప్రపంచంలోనే అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటది. గల్ఫ్‌లో చమురు బావులు తవ్వేవాళ్లు బురదలో కలిపి వాడే బరువైన రాయి. ఆ పిల్ల ఊరి మట్టి ఆ పరీక్ష నాళిక అడుగున కనిపించింది.

ఛాన్సలర్ గారూ, ఆ పదిహేను రోజులూ మేం ఏ సీసాకూ దాని లేబుల్ చూసి పేరు పెట్టలేదు. అది ఏం చేస్తుందో చూసి పెట్టాం. వైస్ ఛాన్సలర్‌ను ఎంచేటప్పుడు కూడా ఇలాగే చేయమని నా విన్నపం. నియమాలు నాకు తెలుసు. సెర్చ్ కమిటీ కూర్చుంటుంది, కొన్ని పేర్లతో జాబితా మీ దగ్గరికి వస్తుంది. యూజీసీ 2018 నిబంధన ప్రకారం పదేళ్లు ప్రొఫెసరుగానో, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలనా సంస్థలోనో పనిచేసి ఉండాలి. ఆ పదేళ్లు ఎలా గడిచాయో జాబితాలో ఉండదు. ఏ వర్గం, ఎవరి మనిషి, ఏ పార్టీకి దగ్గర అన్న లేబుళ్లు మాత్రం జాబితాకు ముందే ఊళ్లో తిరుగుతుంటాయి. కర్నూలు టీ బంకుల దగ్గర కూడా పేర్లు ముందే వినిపిస్తాయి. వినిపించినవి ఎన్నిసార్లు నిజమయ్యాయో లెక్క పెట్టుకుని నేను బాధపడ్డాను. ప్రభుత్వం మారగానే వీసీలు వరసగా రాజీనామాలు ఇవ్వడం, నెలల తరబడి ఇన్‌ఛార్జిలతో నడవడం 2024లో రాష్ట్రమంతా చూశాం. మూడేళ్ల పదవి. అందులో ఆరు నెలలు ఇన్‌ఛార్జి చేతిలో పోతే, పీహెచ్‌డీ పిల్లవాడికి అది ఒక చాప్టరు పోయినట్టు.

కెమిస్టు అయితే చాలు అని నేననడం లేదు. నాయుడమ్మ గారంతటి వారు కూడా జేఎన్‌యూలో 1982లోనే పదవి వదిలేశారు. బల్ల దగ్గర ఓర్పు ఉన్న మనిషికి కూడా సమావేశాల గదిలో ఓర్పు చాలకపోవచ్చు. పెద్ద పరిశోధకుడు కుర్చీలో కూర్చుంటే పరిశోధన నష్టపోతుందనే వాదన కూడా ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఫైళ్లు పగలంతా తినేస్తాయి. కానీ ఇంకో ఉదాహరణ కూడా ఉంది. 1974లో హైదరాబాద్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి సొంత భవనం లేదు. ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇల్లు, గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైంది. మొదటి వైస్ ఛాన్సలర్ గురుబక్ష్ సింగ్ గారు ఆర్గానిక్ కెమిస్టు. బనారసు నుంచి వచ్చిన మనిషి. భవనాల కన్నా ముందు ఆయన మనుషుల కోసం వెదికారు. 1977లో అక్కడ చేరిన గోవర్ధన్ మెహతా గారు ఆర్గానిక్ సింథసిస్‌లో ప్రపంచం గుర్తించిన పని చేసి, 1994 నుంచి 1998 దాకా అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యి, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టరుగా వెళ్లారు. ఈ రోజు మా పిల్లలు ఎక్కడ పీహెచ్‌డీ చేయాలని కలలు కంటారో అడగండి. ఆ కెమిస్ట్రీ స్కూలు పేరు చెబుతారు. ఉస్మానియాలో 1985 నుంచి 1991 దాకా నవనీతరావు గారు ఉన్నారు, ఆయనా కెమిస్టే. ఇది ఇతర శాఖల వాళ్లను తక్కువ చేయడానికి కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని నడిపిన తీరు మాకు తెలుసు. ఆయన బల్ల ఆయనకూ ఉంది, నిఘంటువుల మధ్య. తన విద్యలో తన చేత్తో పని చేసి ఉండడమే నేనడుగుతున్న గుణం. నాకు తెలిసిన బల్ల కెమిస్ట్రీ కాబట్టి దాని గురించి చెబుతున్నాను.

ఇప్పుడు మా దగ్గర పరిస్థితి చెప్పాలి. సీమలోని ఒక విశ్వవిద్యాలయంలో నా పాత విద్యార్థిని ఒకామె పీహెచ్‌డీ చేస్తోంది. పేరు వద్దు, చోటు వద్దు. ఆమె నెలకొకసారి రాత్రి బస్సులో హైదరాబాద్ వెళుతుంది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. అందులో అన్నం ఉండదు. దూది పరిచి, దాని మీద చిటికెన వేలంత గాజు సీసాలు, ఒక్కోదానికీ మూతి చుట్టూ పారాఫిల్మ్, పైన పెన్సిల్‌తో రాసిన నంబరు. పెన్సిలే ఎందుకంటే సాల్వెంట్ ఒలికితే పెన్ను చెరిగిపోతుంది. మూడు నెలలు కష్టపడి తయారుచేసిన పదార్థాలవి, ఒక్కొక్కటి పాతిక మిల్లీగ్రాములు. అణువుల నిర్మాణాన్ని తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్ష వాటికి చేయించుకోవాలి. మిషన్ తమ దగ్గర లేదు. డబ్బు కట్టి, వంతు కోసం కూర్చుని, స్పెక్ట్రం చేతికొచ్చాక చూస్తే పదార్థంలో మలినం ఉందని తేలుతుంది. మళ్లీ మొదలు. హైదరాబాద్‌లో ఉన్న పిల్లవాడు ఇదే సంగతి మధ్యాహ్నం భోజనానికి ముందు తెలుసుకుంటాడు. ఈమెకు నెల పడుతుంది. బస్సులో ఒకసారి ఎవరో ‘అమ్మా, డబ్బా సీటు కింద పెట్టు’ అంటే, కుదుపులకు సీసాలు పగులుతాయని పొద్దుటిదాకా ఒళ్లోనే పెట్టుకుందట. మా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మిషన్ కొనివ్వండి అని అడగడం తేలిక. అంతకన్నా ముందు రావలసింది, ఆ డబ్బా ఆమె ఒళ్లో ఎందుకుందో చెప్పకుండానే అర్థమయ్యే మనిషి. అలాంటి మనిషి ఉంటే మిషన్ కోసం ఢిల్లీ తలుపులు తడతాడు. కర్నూలు, కడప, అనంతపురం, తిరుపతి నాలుగు చోట్ల వీసీలు ఒక మాట మీదికొచ్చి ఉమ్మడిగా ఒకటి పెట్టుకోవచ్చని ఆలోచిస్తాడు. ఇవన్నీ ఒకనాడు ఒక కప్పు కింద ఉన్నవే. కడప పీజీ సెంటరు 1977లో తిరుపతి కిందే పుట్టింది, అదే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం అయ్యింది. అనంతపురం సెంటరు 1981లో కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. దాని కింద ఉన్న కర్నూలు సెంటరు 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం. ఒక్కొక్కటిగా విడిపోయినప్పుడు జిల్లాకొక విశ్వవిద్యాలయం అని సంబరపడ్డాం. సంబరం తప్పు కాదు, పల్లె నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే చదువు మా ఆడపిల్లలకు దొరికింది. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాక, అకడమిక్ కన్సల్టెంట్ల మీద తరగతులు నడుస్తున్నాయి. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి అయిదేళ్ల ప్రయోగం ఎలా మొదలుపెడతాడు?

ఇంకో సంగతి, నన్ను ఎక్కువ కలతపెట్టేది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. సున్నపు రాతిలో కలిసిపోయిన ఖనిజం. అందుకని ఆసిడ్‌తో కాకుండా సోడా ద్రావణంతో, వేడిలో, ఒత్తిడిలో కరిగించి తీస్తారు. చుట్టుపక్కల పల్లెల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి చెట్లు ఎండుతున్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. తమ వల్ల కాదని గని వాళ్లంటారు. ఎవరిది నిజమో తేల్చాల్సింది ఎవరు? రైతు సీసాలో నీళ్లు పట్టుకుని ఎవరి తలుపు కొట్టాలి? కడపలో విశ్వవిద్యాలయం ఉంది, అందులో కెమిస్ట్రీ శాఖ ఉంది. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది కొలవడం తెలిసిన విద్యే. నీళ్లలో అది ఎక్కువగా ఉండేది యురేనిల్ రూపంలోనే. గిండీలో కూర్చుని శాంతప్ప గారు ఏళ్ల తరబడి వెలుతురు కింద పెట్టి చూసింది ఆ యురేనిల్‌నే. పుట్టిన గడ్డ పక్కన, కడప రాళ్లలో, తను పని చేసిన లోహం అంతగా ఉందని ఆయన గిండీలో ఉన్న రోజుల్లో ఎంతమందికి తెలుసు? ఇప్పుడు అందరికీ తెలుసు. ప్రతి నెలా మొదటి సోమవారం ఏ రైతైనా సీసా తెచ్చిస్తే పరీక్ష చేసి కాగితం మీద అంకె రాసిచ్చే ఒక గది కడపలో ఉండాలి. ఆ అంకె గనికి అనుకూలంగా వస్తే అలాగే రాయాలి, రైతుకు అనుకూలంగా వస్తే అలాగే రాయాలి. ఆ గది తెరవడానికి ధైర్యం కావాలి. ‘ఏమీ రాలేదు’ అని నోట్‌బుక్‌లో రాసిన అలవాటు ఉన్న వీసీకి ఆ ధైర్యం కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు.

కాబట్టి నేనడిగేది ఇది. ఈసారి సెర్చ్ కమిటీ జాబితా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, ప్రతి పేరుతో పాటు ఒక్క పేజీ అడగండి. మీ చేత్తో మీరు చివరిసారి చేసిన పరిశోధన ఏమిటి, ఏ ఏడాది, మీ దగ్గర పీహెచ్‌డీ చేసిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, మీ పనిలో తప్పని తేలినది ఏది, దాన్ని మీరు ఎలా సరిదిద్దుకున్నారు. ఎన్ని పేపర్లు అని అడగకండి, అంకెలు కొనుక్కోగలిగే కాలం వచ్చింది. ఆ పేజీ సొంతంగా రాయలేని మనిషి కుర్చీకి తగడు. ఎంచుకున్నాక ఆ మనిషికి వారానికి రెండు పూటలు సమావేశాలు లేకుండా వదలండి. తన ల్యాబులో, లేకపోతే ఏదో ఒక ల్యాబులో, పిల్లల పక్కన నిలబడనివ్వండి. మూడేళ్లూ ఉండనివ్వండి, అమరావతిలో ఏ జెండా ఎగిరినా. సీమ మనిషే కావాలని నేను పట్టుబట్టను. పెరటి చెట్టు మందుకు పనికిరాదనే మాటను మేం చాలాకాలం పడ్డాం, నిజమే. అయినా మాకు కావలసింది ఇక్కడ పుట్టినవాడు కాదు, ఇక్కడి పిల్లలతో నిలబడేవాడు. బయటి నుంచి వచ్చినా సరే, మా బోరు నీళ్లు తాగితే చాలు.

ఒక మాట శాంతప్ప గారి గురించి. మా కాలేజీ పిల్లలకు ఆయన పేరు తెలియదు. కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి అడిగితే నూటికి ఒక్కరు చెప్పగలరో లేదో. కర్నూలులో పుట్టి, మాంచెస్టర్‌లో నేర్చుకుని, మద్రాసులో పెద్దవాడై, తిరుపతిలో మా అందరి పట్టాల మీద సంతకం పెట్టిన మనిషి జీవితాన్ని ఒక పాఠంగా అయినా ఇక్కడి కెమిస్ట్రీ పిల్లలకు చెప్పించండి. విగ్రహం అక్కర్లేదు. ఆయన 1951 నాటి పేపరు ఒక కాపీ ప్రతి ల్యాబులో గోడకు తగిలిస్తే, ఇనుము అయాన్ల సమీకరణాలు చదువుతూ ఏ ఆదోని పిల్లవాడో, ఏ జమ్మలమడుగు అమ్మాయో ఆగి, ఈయన మన వాడా అని అడుగుతారు.

ఈ ఉత్తరంతో పాటు నా పట్టా జెరాక్సు జత చేస్తున్నాను. నా పేరు ఉన్న చోట నీలం మరక తప్ప ఏమీ కనిపించదు. దయచేసి కింద, కుడివైపు మూలన చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ అధ్యాపకుడు,
కర్నూలు